ముందు ఈసీజీ, ఆ తర్వాతే ఫీజు

షోలాపూర్ తూర్పు పేటల్లో ఏ ఇంటి పిల్లయినా "నేను పైలట్‌నవుతా" అన్నదంటే ఆ ఇంట్లో మూడు ప్రశ్నలు వరసగా లేస్తాయి. ఎంతవుతుంది? ఎక్కడ నేర్పుతారు? నౌకరీ దొరుకుతుందా? అశోక్ చౌక్‌లోనైనా, దాజీ పేటలోనైనా, కన్నా చౌక్‌లోనైనా ఇవే మూడు. చద్దర్లు నేసి, టవళ్లు నేసి, బీడీలు చుట్టి నాలుగు పైసలు వెనకేసుకున్న ఇంట్లో డబ్బు మాట ముందు రావడంలో తప్పేమీ లేదు. కానీ ఈ మూడింటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దాన్ని మనవాళ్లు అడ్మిషన్ అయ్యాక, ఒక్కోసారి సగం ఫీజు కట్టేశాక అడుగుతారు: మెడికల్ పాసవుతాడా, అవుతుందా?

ఇప్పుడీ ప్రశ్న మన పేటల్లో ఇదివరకటికంటే ఎక్కువగా వినబడుతోంది. హోట్గి రోడ్డు విమానాశ్రయానికి చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం అడ్డమా కాదా అని ఏళ్ల తరబడి నడిచిన తగువు 2023 జూన్‌లో ఆ గొట్టం కూలడంతో తేలిపోయింది. 2024 సెప్టెంబర్ 29న విమానాశ్రయాన్ని ప్రారంభించారు. 2025 జూన్‌లో గోవాకు విమానం మొదలైంది. డాబా మీద పుస్తకం పట్టుకున్న పిల్లల తలలు పైకి లేస్తున్నాయి. కోరిక పుట్టాక దాన్ని నడిపించే పద్ధతి కూడా తెలియాలి. ఆ పద్ధతిలో మొదటి మెట్టు ఈ అధ్యాయం. ఇందులో ఎక్కువ భాగం గుండె లయ గురించే. ఎందుకంటే కళ్లజోడు సంగతి ఇంట్లో అందరికీ ముందే తెలుసు, గుండె కొట్టుకునే తీరు మాత్రం ఈసీజీ తీసేదాకా ఎవరికీ తెలియదు.

వరస తప్పితే చెల్లించే ఖరీదు

మన దేశంలో స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు కనీసం 16 ఏళ్లు, కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడపాలి. పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే మనం రోజూ అనే డీజీసీఏ, రెండు రకాల వైద్య పరీక్షలు పెడుతుంది. మొదటిది క్లాస్ 2. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల జాబితా ఈజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఆ జాబితాలోని డాక్టరు దగ్గరే చేయించుకోవాలి. ఆ రిపోర్టు డీజీసీఏకి చేరి ఫైల్ నంబరు వచ్చాక రెండోది, క్లాస్ 1. ఇది ఢిల్లీలోని వాయుసేన కేంద్ర వైద్య సంస్థ, బెంగళూరులోని ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ వంటి చోట్ల, డీజీసీఏ ఒప్పుకున్న మరికొన్ని కేంద్రాల్లో జరుగుతుంది. ఆ కేంద్రాల జాబితా మారుతుంటుంది కనుక స్లాట్ బుక్ చేసే రోజే చూసుకోవాలి. మనకు కలిసొచ్చిన సంగతి ఒకటుంది: కర్ణాటక ఎక్స్‌ప్రెస్ షోలాపూర్ మీదుగానే పోతుంది. ఇటు ఎక్కితే ఢిల్లీ, అటు ఎక్కితే బెంగళూరు.

మన ఇళ్లు దెబ్బతినేది ఈ రెండు పరీక్షల మధ్య సందులోనే. స్టూడెంట్‌గా విమానం ఎక్కడానికి క్లాస్ 2 చాలు. కాబట్టి దాంతోనే చేర్చుకుని ఫీజు మొదటి వాయిదా కట్టించుకునే చోట్లుంటాయి. కానీ క్లాస్ 1 లేకుండా కమర్షియల్ లైసెన్సు రాదు. 200 గంటలు ఎగిరి, పరీక్షలన్నీ రాసి, అప్పుడు క్లాస్ 1కి వెళ్లి ఈసీజీ దగ్గర ఆగిపోతే ఆ గంటలు ఎవరికి ఉపయోగం? శిక్షణ ఖర్చు నలభై, యాభై లక్షల మాట. మన పేటల్లో అంత సొమ్ము ఎలా పుడుతుందో వేరే చెప్పనక్కర్లేదు. రెండు సాంచాలు అమ్మాలి, ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాలి, మేనమామ దగ్గర చేబదులు తేవాలి. ఆ సొమ్ముతో పోలిస్తే రెండు మెడికల్ పరీక్షలు, రైలు ఖర్చు, మధ్యలో ఒక కార్డియాలజిస్టు ఫీజు లెక్కలోకి రావు.

నాగ్‌పూర్‌లోని మహాజ్యోతి సంస్థ ఓబీసీ, ప్రత్యేక వెనుకబడిన వర్గాల పిల్లలకు నాగ్‌పూర్ ఫ్లయింగ్ క్లబ్‌లో కమర్షియల్ పైలట్ శిక్షణ ఇప్పించే పథకం నడిపింది. ఇలాంటి ప్రకటన వచ్చిన రోజున మెడికల్ కాగితాలు చేతిలో ఉన్నవాళ్లు పరుగులు పెట్టాల్సిన పని ఉండదు.

ఆ గళ్ల కాగితం మీద ఏముంటుంది

ఈసీజీకి పట్టే సమయం పది నిమిషాలు. ఛాతీ మీద ఆరు, చేతులకూ కాళ్లకూ కలిపి నాలుగు తీగలు. డాక్టరు చదివేదాన్ని మీరు చదవలేకపోవచ్చు గానీ, కాగితాన్ని చూసి భయపడకుండా ఉండటానికి సరిపడా నేర్చుకోవచ్చు.

కాగితం నిండా చిన్న గళ్లు, ఐదేసి చిన్న గళ్లకు ఒక పెద్ద గడి ఉంటాయి. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగంతో నడుస్తుంది. చిన్న గడి అంటే 0.04 సెకను, పెద్ద గడి అంటే 0.2 సెకను. ఒక నిటారు ముల్లు నుంచి తర్వాతి ముల్లు దాకా ఎన్ని పెద్ద గళ్లున్నాయో లెక్కపెట్టి 300ను ఆ అంకెతో భాగించండి. నాలుగు గళ్లుంటే నిమిషానికి 75 దెబ్బలు. ఐదుంటే 60. ఆరుంటే 50. పెద్దవాళ్లకు విశ్రాంతిలో 60 నుంచి 100 మామూలు. రోజూ పరుగెత్తేవాళ్లకు, కబడ్డీ ఆడేవాళ్లకు 50 దగ్గర ఉండటమూ మామూలే.

తర్వాత ముళ్ల మధ్య దూరం సమంగా ఉందా చూడండి. పద్దెనిమిదేళ్ల వయసులో ఊపిరి పీల్చినప్పుడు కాస్త దగ్గరగా, వదిలినప్పుడు కాస్త దూరంగా పడుతుంటే అది సైనస్ అరిద్మియా. పేరు భయపెట్టినా అది జబ్బు కాదు, కుర్రగుండె లక్షణం. ఎక్కడో ఒక దెబ్బ ముందే పడి, తర్వాత చిన్న విరామం వచ్చిందంటే అది ఎక్టోపిక్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కనబడుతుంది. "గుండె ఒకసారి దూకినట్టయింది" అని మనవాళ్లు చెప్పేది చాలాసార్లు దీని గురించే. సన్నగా ఉండే కుర్రాళ్లకు ఛాతీ తీగల్లో ముళ్లు పొడుగ్గా రావడం, కుడి బండిల్‌లో, అంటే గుండెలో విద్యుత్ సంకేతం నడిచే కుడి దారిలో, అసంపూర్ణ అడ్డంకి అని రాయడం కూడా తరచూ కనబడేవే.

కారణం తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ముల్లు మొదట్లో ఏటవాలుగా లేచి, దాని ముందరి విరామం మూడు చిన్న గళ్లకంటే తక్కువైతే గుండె పై గది నుంచి కింది గదికి పుట్టుకతోనే ఒక అడ్డదారి ఉందేమోనని అనుమానం. 1930లో వోల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు డాక్టర్లు దీన్ని వివరించారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు. ముళ్ల మధ్య దూరానికి ఏ లెక్కా లేకపోతే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే పై గదులు లయ తప్పి వణకడం, కావచ్చు. ముల్లు వెడల్పు మూడు చిన్న గళ్లు దాటితే బండిల్ బ్రాంచ్ బ్లాక్ సంగతి చూడాలి. క్యూటీ అనే విరామం సాగి ఉంటే అది కుటుంబంలో వచ్చేదా, ఏదైనా మందు వల్లా అని వెతకాలి.

సాంచాల షెడ్డులో మగ్గాలన్నీ ఒకేసారి మోగుతున్నా, చేయి తిరిగిన కార్మికుడు మూలనున్న ఒక్క సాంచా దెబ్బ తేడాగా పడితే తల తిప్పకుండానే పట్టేస్తాడు. అలాగని ప్రతి తేడాకూ స్విచ్ ఆపడు. ఏ చప్పుడుకు ఆపాలో, దేన్ని నడవనివ్వాలో తెలియడమే అతని పనితనం. కార్డియాలజిస్టు చేసేదీ అదే. ఈసీజీ యంత్రానికి ఆ పనితనం లేదు. కాగితం పైన అది అచ్చు వేసే "బార్డర్‌లైన్", "అబ్‌నార్మల్" అన్న మాటలు చాలాసార్లు అతి జాగ్రత్తతో వచ్చినవి. చేతి తీగలు తారుమారైనా, ఏసీ చలికి ఒళ్లు వణికినా, తీగ అంటుకున్న చోట చెమట ఉన్నా గీతలు వింతగా వస్తాయి. గీత తేడాగా ఉంటే ముందు మర్యాదగా అడగండి: "సార్, తీగలు సరిచూసి ఇంకొకటి తీస్తారా?" అడగడానికి మొహమాటపడొద్దు.

కాగితం ఎంత బాగున్నా ఊరుకోకూడని గుర్తులు మూడు. పరుగెత్తుతుండగా కళ్లు తిరిగి పడిపోవడం. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, మీట నొక్కినట్టు ఒక్కసారిగా ఆగిపోవడం. ఇంట్లో దగ్గరివాళ్లెవరైనా నలభై ఏళ్ల లోపే హఠాత్తుగా పోయి ఉండటం. ఈ మూడింట్లో ఏదున్నా డీజీసీఏ సంగతి తర్వాత, ముందు మీ ప్రాణం కోసం డాక్టరును కలవండి.

మన ఇళ్లలో గుండె లయను చెడగొట్టేవి

పుస్తకాల్లో రాసే సాధారణ సలహాలు మన పేటలకు సగమే అతుకుతాయి. ఇక్కడి బతుకులో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది చిన్నప్పటి గొంతునొప్పి. ఒక గదిలో ఆరేడుగురు పడుకునే ఇళ్లలో స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా పాకుతుంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఆ గొంతునొప్పి వచ్చి తగ్గాక, రెండు మూడు వారాలకు జ్వరంతో మోకాలు, మడమ, మోచేయి ఒకదాని తర్వాత ఒకటి వాస్తే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. కీళ్ల వాపు పోతుంది, గుండె కవాటానికి తగిలిన దెబ్బ మిగిలిపోవచ్చు. మైట్రల్ కవాటం బిగుసుకుంటే ఏళ్ల తర్వాత పై గది ఉబ్బి, లయ తప్పుతుంది. అందుకే మెడికల్‌కు వెళ్లేముందు అమ్మనో నానమ్మనో ఒక మాట అడగండి: "చిన్నప్పుడు నాకు కీళ్లు వాచినయా? మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించిండ్రా?" జవాబు అవునైతే ఈసీజీ ఒక్కటే చాలదు, గుండెను తెర మీద చూపే ఎకో పరీక్ష కూడా చేయించుకోండి. మీ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇప్పుడు గొంతునొప్పి, జ్వరం వస్తే ఉప్పునీళ్ల పుక్కిలింతతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించండి. సమయానికి యాంటీబయాటిక్ పడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు.

రెండోది పొగాకు. అమ్మ చాట ముందు కూర్చుని తునికాకులో పొగాకు నింపుతుంటే పక్కనే లెక్కలు చేసుకునే పిల్లలు ఇక్కడ వందలు. నికోటిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది. బీడీ తాగకపోయినా మావా, గుట్కా నమిలితే అదే పని జరుగుతుంది. అమ్మ పని ఆపమని చెప్పే స్తోమత మనకు లేకపోవచ్చు. చదువుకునే చోటు వేరే మూలకు మార్చుకోవడం, పొగాకు డబ్బా మూతపెట్టడం, చాట ముందు నుంచి లేచాక చేతులు కడుక్కోవడం మన చేతిలో ఉన్నవే. మావా అలవాటున్న స్నేహితుల దగ్గర "ఒక్క చిటికెడే" అన్న మాటకు లొంగకండి.

మూడోది నిద్ర. రాత్రి షిఫ్టులో బాపుకు సాయంగా కండెలు చుట్టి, పొద్దున కాలేజీకి పోయే కుర్రాళ్లు టీ మీద, ఎనర్జీ డ్రింకుల మీద బతుకుతారు. నిద్రలేమి, కెఫీన్ కలిస్తే ఎక్టోపిక్ దెబ్బలు పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. షోలాపూర్ ఎండలో, షెడ్డు వేడిలో చెమట పోసి నీళ్లు తాగకపోతే ఒంట్లో లవణాలు తగ్గుతాయి. పొటాషియం, మెగ్నీషియం తేడా వస్తే గుండె లయ తేడా పడుతుంది.

నాలుగోది రక్తహీనత, థైరాయిడ్. ముఖ్యంగా ఆడపిల్లలు వీటిని చూసుకోవాలి. హిమోగ్లోబిన్ తక్కువైతే గుండె వేగంగా కొట్టుకుంటుంది, థైరాయిడ్ ఎక్కువైనా అంతే. రెండింటికీ రక్త పరీక్ష చాలు, రెండింటికీ మందుంది. ఒక చిన్న పరీక్షతో తేలే సంగతిని గుండె జబ్బనుకుని కుమిలిపోయేవాళ్లున్నారు.

గుండెకు సంబంధం లేకపోయినా ఒక మాట ఇక్కడే చెప్పాలి. పైలట్ మెడికల్‌లో వినికిడి పరీక్ష కూడా ఉంటుంది. పవర్‌లూమ్ చప్పుడు ఏళ్ల తరబడి వింటే చెవి మెల్లగా మొద్దుబారుతుంది. షెడ్డులో నిలబడే ప్రతి గంటకూ ఇయర్‌ప్లగ్ పెట్టుకోండి. పెద్దవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

పరీక్ష ముందు వారం

ఏడు రోజుల ముందు నుంచి ఎనర్జీ డ్రింకులు, జిమ్‌లో తాగే పొడులు ఆపేయండి. జలుబు మాత్రలు కొన్ని గుండె వేగాన్ని పెంచుతాయి కాబట్టి మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకోవద్దు. ఉబ్బసానికి ఇన్‌హేలర్ లాంటి అవసరమైన మందులుంటే ఆపకండి, చీటీ వెంట తీసుకెళ్లి డాక్టరుకు చెప్పండి. పరీక్షకు ముందు రెండు రోజులు కఠిన వ్యాయామం వద్దు. ముందురోజే ఆ ఊరు చేరండి. జనరల్ బోగీలో రాత్రంతా నిలబడి వచ్చి పొద్దున్నే బీపీ చూపించుకుంటే ఆ అంకె రైలుదే గానీ మీది కాదు.

డాక్టరు ముందు కూర్చోగానే గుండె వేగం 100 దాటడం చాలామందికి జరుగుతుంది. తలుపు బయట ఐదు నిమిషాలు మెల్లగా ఊపిరి పీల్చండి, పీల్చినదానికంటే వదిలేది కాస్త ఎక్కువసేపు ఉండాలి. లోపల "సార్, కొంచెం టెన్షన్‌గా ఉంది" అని చెప్పడం పరువు తక్కువ కాదు. అలాంటి కుర్రాళ్లను వాళ్లు రోజూ చూస్తారు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తారు.

కాగితం మీద "అన్‌ఫిట్" అని వస్తే

మనం మార్కండేయుడి కథ వింటూ పెరిగినవాళ్లం. రాఖీ పున్నమి నాడు ఆయన రథం వెంట నడిచినవాళ్లం. పదహారేళ్లకే ఆయుష్షు చెల్లిందని రాసి ఉన్నా, యముడే ఎదురొచ్చి నిలబడినా, ఆ పిల్లాడు పైకోర్టుకు వెళ్లి తీర్పు మార్పించుకున్నాడు. డీజీసీఏ కాగితానికి కూడా పైమెట్టు ఉంది.

ముందు ఆ కాగితాన్ని పూర్తిగా చదవండి. తాత్కాలికంగా అన్‌ఫిట్ అంటే ఫలానా పరీక్ష చేయించుకుని, ఫలానా గడువు తర్వాత రమ్మని అర్థం. శాశ్వతంగా అన్‌ఫిట్ అన్నా అప్పీలు చేసుకునే హక్కుంది. గడువు తేదీ దాటనివ్వకండి.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల్లో గుండె లయ గురించి ఒక నియమం ఉంది. లయలో తేడా ఉన్న అభ్యర్థి అన్‌ఫిటే. అయితే ఆ తేడాను మంచి వైద్య పద్ధతిలో పరీక్షించి, విమాన భద్రతకు అడ్డం వచ్చే అవకాశం లేదని తేలితే అన్‌ఫిట్ కానక్కర్లేదు. ఆ రెండో వాక్యమే మీ దారి. మెడికల్ బోర్డు మీ నుంచి కోరేది మూడు ప్రశ్నలకు జవాబు: లయలో తేడాకు కారణమేమిటి? గుండె నిర్మాణం బాగుందా? గాల్లో ఉండగా హఠాత్తుగా చేతులెత్తేసే ప్రమాదం ఎంత? ఇద్దరు పైలట్లుండే విమానాల విషయంలో ఆ ప్రమాదం ఏడాదికి నూటికి ఒకటి మించకూడదన్నది పలు దేశాల వైద్యులు వాడే కొలమానం.

జవాబులకు పరీక్షలున్నాయి. 24 గంటలు ఒంటి మీదే ఉండే హోల్టర్ యంత్రం ఒక్క రోజులో లక్ష దాకా గుండె దెబ్బలను లెక్కపెట్టి, వాటిలో ఎక్టోపిక్‌లు ఎన్నో చెబుతుంది. ఎకో కవాటాలనూ కండరాన్నీ చూపిస్తుంది. ట్రెడ్‌మిల్ మీద శ్రమ పెరిగేకొద్దీ ఎక్టోపిక్‌లు తగ్గితే మంచి సూచన, పెరిగితే ఇంకా లోతుగా చూడాలి. ఎకో, హోల్టర్ మన ఊళ్లోనే అవుతాయి. అడ్డదారి అనుమానం ఉంటే ఎలక్ట్రోఫిజియాలజీ చేసే డాక్టరు దగ్గరికి పుణెకో హైదరాబాద్‌కో వెళ్లాలి. తొడలోని రక్తనాళం ద్వారా సన్నని తీగ పంపి ఆ అడ్డదారిని కాల్చేసే చికిత్సను అబ్లేషన్ అంటారు. డబ్ల్యూపీడబ్ల్యూలో ఇది నూటికి తొంభైకి పైగా విజయవంతమవుతుంది. ఆ తర్వాత కొంతకాలం గమనించి, అడ్డదారి మళ్లీ పనిచేయడం లేదని కాగితాలతో చూపించాలి.

ఒక ఫైలు పెట్టండి. ప్రతి ఈసీజీ అసలు కాగితం, ఫోటోకాపీ, హోల్టర్ పూర్తి రిపోర్టు, కార్డియాలజిస్టు సంతకంతో ఉత్తరం తేదీల వరసలో పెట్టండి. ఈసీజీ అచ్చు కొన్ని నెలలకే వెలిసిపోతుంది, అందుకే ఫోటోకాపీ తప్పనిసరి. ఉత్తరంలో "ఫిట్" అన్న ఒక్క మాట ఉంటే సరిపోదు. ఏం చూశారు, ఏం దొరికింది, ముందుముందు ప్రమాదం ఎంత అన్న మూడూ రాయమని డాక్టరును అడగండి.

దాచితే ఏమవుతుంది

ముందురోజు రాత్రి గుండె వేగం తగ్గించే మాత్ర వేసుకో, పాసైపోతావు అని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. వినకండి. లోపల నిజంగా అడ్డదారి ఉంటే ఆ మాత్ర దాన్ని మాన్పదు, కనబడకుండా కాసేపు కప్పుతుంది. మెడికల్ ఫారంలో పాత జబ్బులు, మందులు, స్పృహ తప్పిన సంగతులు అడుగుతారు, మీరు సంతకం పెడతారు. పైలట్ అయ్యాక ఈ పరీక్ష ఆగిపోదు. ఎయిర్‌లైన్ పైలట్‌కు నలభై లోపు ఏడాదికోసారి క్లాస్ 1 తప్పదు. ముప్పై ఏళ్ల పాటు ఈసీజీలతో దాగుడుమూతలు ఎవరూ ఆడలేరు. దొరికిన రోజున పోయేది ఒక్క సర్టిఫికెట్ కాదు, మీ మాట మీద నమ్మకం.

ఇంట్లో దాచడం ఇంకో రకం. "పిల్ల గుండెల ఏదో ఉందట అని పేటల తెలిస్తే రేపు సంబంధాలు రావు" అని అమ్మ భయపడుతుంది. ఆ భయం ఉత్తది కాదు, మన పేటల్లో మాట ఎంత వేగంగా పాకుతుందో మనకు తెలుసు. అందుకే రిపోర్టు పదిమందికి చెప్పాల్సిన పని లేదు. డాక్టరు దగ్గర, మెడికల్ బోర్డు దగ్గర దాచకపోతే చాలు. చికిత్సతో పోయే అడ్డదారిని సంబంధాల భయంతో వదిలేస్తే అది పెళ్లయ్యాక కూడా అక్కడే ఉంటుంది.

పదేళ్లు నేల మీద

1959లో అమెరికా మొదటిసారి ఎంచుకున్న ఏడుగురు వ్యోమగాముల్లో డీక్ స్లేటన్ ఒకరు. శిక్షణలో ఉండగానే ఆయనకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ బయటపడింది. 1962 మార్చిలో ఆయనను ప్రయాణం నుంచి తప్పించారు. మే నెలలో ఆయన వెళ్లాల్సిన యాత్రకు స్కాట్ కార్పెంటర్ వెళ్లాడు. స్లేటన్ నాసాలోనే ఉండి వ్యోమగాముల బాధ్యత తీసుకున్నాడు. ఎవరు ఏ యాత్రకు వెళ్లాలో నిర్ణయించే కుర్చీలో కూర్చున్నాడు. చంద్రుడి మీదికి వెళ్లినవాళ్ల ఎంపిక ఆయన చేతుల మీదుగా జరిగింది. పొగతాగడం మానేశాడు, వ్యాయామం చేశాడు, పరీక్షలు చేయించుకుంటూనే ఉన్నాడు. 1972 మార్చిలో మళ్లీ ఫిట్ అన్నారు. 1975 జూలైలో అపోలో-సోయజ్ యాత్రలో అంతరిక్షానికి వెళ్లాడు. అప్పటికి ఆయన వయసు 51.

ఈ కథలో నేర్చుకోవాల్సింది ఓపిక ఒక్కటే కాదు. ఆ పదేళ్లూ ఆయన విమానాల ప్రపంచం వదిలిపెట్టలేదు, వేరే కుర్చీ వెతుక్కున్నాడు. మన తెలుగు అమ్మాయి శిరీష బండ్ల సంగతీ అలాంటిదే. నేతన్నల ఊరు చీరాలలో పుట్టి, అమెరికాలో పెరిగిన ఆమెకు కంటిచూపు పైలట్, నాసా వ్యోమగామి దారికి అడ్డం వచ్చింది. ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివింది. 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచుకు వెళ్లొచ్చింది.

అన్ని గుండెలకూ క్లాస్ 1 రాదు. ఆ నిజాన్ని కప్పి చెప్పడం మీకు మేలు చేయదు. పైలట్ సీటు దొరకకపోతే విమానాల మరమ్మతు ఇంజనీరింగ్, ఫ్లైట్ డిస్పాచ్, విమానాశ్రయ నిర్వహణ ఉన్నాయి. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుకుంటే మాత్రం ముందే కనుక్కోండి, దానికీ వేరే మెడికల్ ఉంది.

బాపుతో ఎలా మాట్లాడాలి

చాలామంది పిల్లలు ఇక్కడే తడబడతారు. ఇలా మొదలుపెట్టి చూడండి.

"బాపు, అడ్మిషన్ పైసలు ఇప్పుడే కట్టొద్దు."

"ఎందుకురా? సీటు పోతే?"

"సీటు మళ్ల దొరుకుతది. ముందుగాల రెండు మెడికల్స్ చేయించుకుంట. గుండె, కండ్లు, చెవులు అన్ని చూస్తరు."

"అండ్ల తప్పితే?"

"తప్పితే సాంచాలు మిగుల్తయి. పాసైతే బ్యాంకోళ్ల ముంగట నువ్వు ధైర్నంగ కూసుంటవు."

లెక్క తెలిసిన ఏ తండ్రీ దీనికి కాదనడు.

ఈ నెలలో చేయాల్సిన పనులు

1. చిన్నప్పటి జ్వరాలు, కీళ్ల వాపులు, స్పృహ తప్పడాలు, ఇంట్లో హఠాత్ మరణాలు అమ్మానాన్నలను అడిగి ఒక పేజీలో రాయండి.

2. మన ఊళ్లోనే ఒక ఈసీజీ, బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఈసీజీ మీద డాక్టరు చేత్తో రాసిన అభిప్రాయం తీసుకోండి.

3. తేడా ఏదైనా ఉంటే డీజీసీఏ డాక్టరు దగ్గరికి వెళ్లకముందే కార్డియాలజిస్టును కలవండి.

4. ఈజీసీఏలో ఖాతా తెరిచి క్లాస్ 2 డాక్టర్ల జాబితా చూసుకోండి. క్లాస్ 2 అయి ఫైల్ నంబరు వచ్చిన రోజే క్లాస్ 1 స్లాట్ కోసం వెతకండి.

5. వచ్చిన ప్రతి కాగితాన్నీ ఫైల్లో తేదీ వరసన పెట్టండి. ఆ వరసలో ఫ్లయింగ్ స్కూల్ ఫీజు రసీదు క్లాస్ 1 సర్టిఫికెట్ తర్వాతే రావాలి.